ఊదని యీల

బిడ్డల తగవు తీర్చుట యెంత కష్టమో తల్లులమగు మనకు వేరుగ చెప్పనక్కరలేదు. "అమ్మా, అన్న నన్ను నెట్టినాడు" అని యొకరును, "నేను తాకనైన తాకలేదు" అని యొకరును ఒక్క పెట్టున వచ్చి యెదుట నిలుతురు. మనము పొయ్యియొద్ద నుంటిమి, చూచినది లేదు. చూడనిదానికి తీర్పు చెప్పినచో నొకరికి అన్యాయము. చెప్పకున్న నింకొకరికి కన్నీరు. మనకు దినమున కొకటి రెండు మారులు వచ్చు నీ చిక్కు, బాస్కెట్‌బాల్ ఆటలో ఈల పట్టిన రిఫరీకి అడుగడుగునను వచ్చును. ఊదిన యీలకు ఒక పక్షము కోపించును. ఊదని యీలకు రెండవ పక్షము కేకలు వేయును. ఈ మాసము మేము వ్రాయబూనినది ఆ యూదని యీలను గూర్చి.

"ఆటల గొడవ ఆడువారి కేల?" అని సోదరీమణులు కొంద రడుగవచ్చును. మన ప్రాంతమున ఆ ప్రశ్నకు కాలము చెల్లినది. రామచంద్రాపురమునందలి బి.హెచ్.ఇ.ఎల్. మొదలుకొని పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారముల మీదుగ సంగారెడ్డి దాక ముంబయి రహదారి వెంబడి కాపురమున్న కుటుంబముల బిడ్డలు బడికి పోవుచున్నారు. బడిలో మగపిల్లలతోబాటు ఆడపిల్లలును బంతి పట్టుచున్నారు. మా వారు బడిలో పాఠములు చెప్పువారగుటచే, పోటీల దినములలో మేమును పిల్లల వెంట పోయి గట్టుమీద గూర్చుండుట గలదు. అచ్చట బంతి చప్పుడుకంటె "అది ఫౌల్ కాదా? కండ్లు లేవా?" యను కోచ్‌ల కేకలే మా చెవుల నెక్కువగ బడుచుండును.

నిజమునకు ఈ యాట పుట్టినదే మోటుదనమును మాన్పుటకు. 1891 డిసెంబరులో అమెరికాదేశమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందు జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున నాలుగు గోడల నడుమ ఆడదగిన యాట కావలెనని పదుమూడు నిబంధనలు వ్రాసెను. బంతి పట్టుకొని పరుగెత్తరాదను నియమ మున్నచో, పరుగెత్తువానిని పడద్రోయు పని యుండదని ఆయన యూహ. భుజముతో నెట్టరాదు, పట్టుకొనరాదు, త్రోయరాదు, కాలు అడ్డుపెట్టరాదు, కొట్టరాదు అని ఆ పదుమూడింటిలోనే కలదు. ఆటను నడుపుట కిద్దరిని నియమించెను: ఒకరు బంతిని కనిపెట్టువారు, ఒకరు ఆడువారిని కనిపెట్టువారు. మనుష్యు లొకరినొకరు తాకు తీరును చూచుటకే ప్రత్యేకముగ నొక మనిషి యుండవలెనని ఆయన మొదటనే గ్రహించెను.

ఆ దాపుననే యున్న స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని 1892లో ఈ యాటను స్త్రీలకు ప్రవేశపెట్టెను. ఒకరి చేతిలోని బంతిని వేరొకరు గుంజుకొనరాదనియు, మైదానమును మూడు భాగములుగ జేసి యెవరి భాగమున వారే యాడవలెననియు ఆమె కట్టడి చేసెను. నేడు ఆ గీతలు చెరిగిపోయినవి. 1976లో మాంట్రియల్ నగరమున స్త్రీల బాస్కెట్‌బాల్ ఒలింపిక్ క్రీడలలో చేరెను. మన బాలికలును మైదానమంతయు కలయదిరిగి యాడుదురు. కావున భుజములు రాచుకొనును, మోచేతులు తగులును. తగిలిన ప్రతిమారును ఈల యూదవలదా యని మనకు తోచును.

ఊదనక్కరలేదు, తాకినదెల్ల ఫౌల్ కాదు. ఈ యాటకు అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీబా వారి నిబంధనలలో నొక సూత్రము కలదు. ఒకరి శరీర మింకొకరికి తగిలినప్పుడు, తాకినవారికి దానివలన లాభము కలిగినదా, తాకబడినవారికి నష్టము కలిగినదా యని రిఫరీ తూచి చూడవలెను. రెండును లేనిచో ఆటను నిలుపనక్కరలేదు. బంతి వేయబోవు పిల్ల మణికట్టుపై దెబ్బ పడి బంతి గురి తప్పినచో నది ఫౌల్. పరుగెత్తుచు భుజములు రాచుకొని ఇద్దరును తమ దారిని తాము పోయినచో నది యాటలోని సంగతియే. బియ్యములో ప్రతి నూకను ఏరుచు కూర్చున్నచో ఎసరు మరిగి యింకిపోవును. రాళ్లను మాత్రము విడువరాదు. ఏది నూకయో, ఏది రాయియో కన్ను మూసి తెరచునంతలో తేల్చుటయే రిఫరీ పని.

రెండవ చిక్కు, నిలిచిన చోటు. ఇద్దరు పిల్లల నడుమ వెలుతురు కనబడు దిక్కున నున్నవారికే చేయి తగిలినదో లేదో తెలియును. వెనుక నుండి చూచిన నిద్దరును ఒక్కరివలె గనబడుదురు. గట్టుమీద నున్న మనకు స్పష్టముగ గనబడినది మైదానములోని రిఫరీకి గనబడకపోవచ్చును. ఆయనకు గనబడినది మనకు మరుగు కావచ్చును. చూడనిదాని నూహించి యూదరాదని రిఫరీలకు మొదటి పాఠము. అందుచే ఊదని యీల యెల్లప్పుడును పక్షపాతము కాదు. పెక్కుమారులు అది చూడలేదను సత్యమే.

ఇక కేకల సంగతి. నేర్పరియైన రిఫరీ వానిని మూడు విధములుగ విడదీయును. ఒకటి ప్రశ్న: "మా పిల్లను పట్టుకొన్నది చూచితిరా?" రెండవది గొణుగుడు: "ఎప్పుడును మాకే యిట్లు!" మూడవది నింద: "మీరు వారి మనిషి!" ప్రశ్నకు, బంతి నిలిచిన వేళ, రెండు మాటలలో బదులు చెప్పును. "చూచితిని, చేయి తగిలినది గాని మీ పిల్లకు అడ్డు కాలేదు" అని గాని, "నేనున్న చోటికి కనబడలేదు, ఇకమీద కనిపెట్టెదను" అని గాని చెప్పినచో, అడిగినవాడు సగము చల్లబడును. గొణుగుడును విననట్లే పోనిచ్చును. నిందకు మొదట హెచ్చరిక, పిమ్మట టెక్నికల్ ఫౌల్.

నేర్పరి చేయని పని యొకటి కలదు. ఇందాక ఊదకపోతినే యని, దానికి బదులుగ ఈవలి పక్షముపై లేని తప్పున కూదడు. పెద్దవానికి జరిగిన యన్యాయమునకు చిన్నవానిని కొట్టిన న్యాయ మెక్కడిది? ఒక పొరపాటు రెండగుట తప్ప ఫలము లేదు.

మన ప్రాంతమున రిఫరీ మాటకంటె చేయి యెక్కువ పలుకవలసియుండును. కర్మాగారములలో పనికై ఒడిశా, బీహారు మొదలగు చోట్లనుండి వచ్చిన కుటుంబములు మన నడుమ పెక్కు గలవు. వారి పిల్లలును మన పిల్లలును ఒక జట్టుననే యాడుదురు. పిడికిలి బిగించి చేయి పైకెత్తిన ఫౌల్. రెండు చేతులు నడుముపై నుంచిన, దారి కడ్డుపడుట. ఒక చేతి మణికట్టు నింకొక చేత బట్టిన, పట్టుకొనుట. రెండు చేతులతో గాలిని నెట్టిన, త్రోయుట. ఏ భాష వారికైన నీ సైగలు తెలియును. తల్లులును నేర్చుకొన్నచో, ఎందులకు ఊదినారో తెలియక కోపించుట సగము తగ్గును.

కేకవలన ఫలమేమి? చట్టము చూచినచో నేమియు లేదు. టెక్నికల్ ఫౌల్ పడినచో ఎదుటి పక్షమునకు ఒక ఫ్రీ త్రో. తన ప్రవర్తనకే రెండు టెక్నికల్ ఫౌళ్లు తెచ్చుకొన్న కోచ్ మైదానము విడిచి పోవలెను. ఆట ముగిసిన పిదప పదునైదు నిమిషములలోగా కెప్టెన్ సంతకము చేసి ఫిర్యాదు తెలుపవచ్చును గాని, అది స్కోరు లెక్కలో పొరపాటు, గడియారపు పొరపాటు, ఆడ నర్హత లేనివారి నాడించుట మొదలగువానికే చెల్లును. ఊదని ఫౌల్‌పై ఫిర్యాదు లేదు. అమెరికాలోని ఎన్.బి.ఏ. వారు 2019-20 సంవత్సరపు పోటీలనుండి తీర్పును మరల చూడుడని కోరు హక్కును కోచ్‌ల కిచ్చిరి. అదియు ఊదిన యీలకే గాని ఊదనిదానికి గాదు. ఆ సంస్థవారే 2015 మార్చి మొదలు, గెలుపోటములు కడదాక తేలని యాటలలో చివరి రెండు నిమిషముల తీర్పులను, ఊదక విడిచినవానితో సహా, తప్పొప్పులు విడదీసి ప్రకటించుచున్నారు. తప్పని తేలినను ఫలితము మారదు. జరిగిపోయిన దెబ్బను ఎవరును తిరుగదీయలేరు. కోరదగినది ఒక్కటియే: రాబోవు దెబ్బను కనిపెట్టి చూడుమని.

ఒక పోటీలో మేము కన్నులార చూచినది చెప్పెదము. ఊరి పేరు, బడి పేరు అనవసరము. ఒక జట్టునకు పదునాలుగేండ్ల పిల్ల కెప్టెన్. బుట్ట క్రింద నిలిచినప్పుడెల్ల ఎదుటి పిల్ల మోచేయి ఆమె ప్రక్కటెముకలకు తగులుచుండెను. ఈల లేదు. వారి కోచ్ కేక వేసెను, రిఫరీ హెచ్చరించెను. మరల వేసెను, టెక్నికల్ ఫౌల్ పడెను. ఎదుటివారి ఫ్రీ త్రో బుట్టలో పడెను. ఆ రభసలో కేకను గూర్చి విచారణ జరిగినది గాని, మోచేతిని గూర్చి జరుగలేదు. ఆట ముగిసిన పిదప మేము మంచినీరిచ్చి "నొప్పిగ నున్నదా బిడ్డా?" యని యడిగితిమి. "మొదటి సంది కొడుతనే ఉన్నదమ్మా" అనెను. "మరి నీవు చెప్పలేదేమి?" అన్నచో, "నేనెట్ల అడుగుతనమ్మా? సార్ మాట్లాడుతుండె గద" అని తల వంచుకొనెను.

ఇంటికి వచ్చిన పిదప మా వారిచే నిబంధనల పుస్తకము తెప్పించి చూచితిమి. గడియారము ఆగి, బంతి నిలిచియున్న వేళ, మర్యాదగ రిఫరీతో మాటలాడి సంగతి తెలిసికొను హక్కు కెప్టెన్‌కు కలదని అందు స్పష్టముగ నున్నది. ఆ హక్కు ఆ పిల్లదే. దెబ్బ తిన్నదియు ఆమెయే. అడుగదగినదియు ఆమెయే. అందరు మాటలాడిరి, ఆమె యొక్కతె మాటలాడలేదు.

ఇందులో తప్పు కోచ్‌ది మాత్రమే యనుట న్యాయము కాదు. తన పిల్లకు దెబ్బ తగులుచుండగా ఊరకుండుము అని ఎవరు చెప్పగలరు? మోటుతనమును చూచియు చూడనట్లు విడిచిన రిఫరీ చేతిలో ఆట కొట్లాటగ మారును, పిల్లలు గాయపడుదురు. కావున అడుగుట అవసరమే. అయితే కేక రిఫరీ కన్నును కోచ్ వైపునకు త్రిప్పును. ప్రశ్న ఆ కన్నును మోచేతివైపు త్రిప్పును. భేద మంతయు అందే యున్నది.

మన మాటయు చెప్పుకొందము. ఆడపిల్లకు మనము నేర్పునది ఓర్చుకొమ్మనియే. తగిలిన నోర్చుకొమ్ము, పెద్దలున్నారు, వారు చూచుకొందురు అందుము. పెద్దలు చూచుకొనని చోట ఆ పిల్ల యేమి చేయవలెను? అరచుట నేర్పుమని మేమనము. దెబ్బకు దెబ్బ తీయుమని అంతకన్న ననము. దెబ్బ తగులకున్నను తగిలినట్లు పడిపోవుటయు ఈ యాటలో తప్పే యని నేర్పవలెను. ఈ మూడింటికిని నడుమ నొక మార్గ మున్నది: నిలువబడి, మెల్లగ, సూటిగ నడుగుట. ఇది ఆటస్థలమున అలవడినచో, రేపు బస్సులోను, కర్మాగారములోను, అత్తవారింటను అక్కరకు వచ్చును. బస్సులోనో పనిచోటనో జరుగు అన్యాయమునకు ఈల పట్టినవా డెవడును ప్రక్కన నిలిచి యుండడు. అడుగుట యెరిగిన నోరే అచ్చట దిక్కు.

కోచ్‌లకు మా మనవి యొకటి: కెప్టెన్ యను పేరు పిల్ల కిచ్చినప్పుడు ఆ పనిని గూడ ఇండు, మీ కేకను మింగి, ఆమెను ముందునకు పంపుడు. రిఫరీలకు మనవి: మర్యాదగ నడిగిన పిల్లను కసరి పంపకుడు, అది ఆమె జీవితమున అడిగిన మొదటి ప్రశ్న కావచ్చును. తల్లులకు మనవి: గట్టుమీద నుండి రిఫరీని తిట్టకుడు, పిల్లలు వినుచున్నారు. చదువుకొన్న యువతులు నిబంధనలు నేర్చి తామే ఈల పట్టుటకును ముందునకు రావలెను. ఆడపిల్ల జంకును ఆడువారు త్వరగ గుర్తింతురు.

కెప్టెన్‌గ నున్న పిల్ల మీ యింట నున్నచో, పోటీకి ముందు నా డీ రెండు వాక్యములు ఆమెచే బిగ్గరగ పలికింపుడు: "సార్, ఏడో నంబరు అమ్మాయి మోచెయ్యి మా పిల్లకు తగులుతున్నది. దయచేసి కొంచెం చూడండి." మొదట గొంతు వణకును. నాలుగవమారు వణకదు.