కొరియా ఇంట్లో రెండు వారాలు: జాబ్ రాదు, అయినా పోవచ్చు

"అన్నా, కొరియాలో ఒక ఫ్యామిలీతో రెండు వారాలు ఉండి వస్తే కియాలో జాబ్‌కు ఏమన్నా ఉపయోగమా?" కర్నూలు, కడప, ప్రొద్దుటూరు కాలేజీల పిల్లల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లలో ఈ మధ్య ఇదే ఎక్కువ. సూటిగా చెప్పేస్తా. ఆ ట్రిప్ ఫొటోలు చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. అంతమాత్రాన దండగ అని కూడా అనను. చేతిలో సొంత డబ్బు, నోట్లో కాస్త కొరియన్ భాష ఉంటే పోవాల్సిందే అంటాను. డబ్బు గురించి అందరూ అడుగుతారు. భాష గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఈ ప్రశ్న ఎక్కణ్నుంచి పుట్టిందో మనకు తెలిసిందే. 2017 ఏప్రిల్‌లో కియా మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. కర్నూలు నుంచి 44వ నంబరు హైవే పట్టుకుంటే గుత్తి, అనంతపురం దాటి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. వాన కోసం ఆకాశం వైపు చూసే ఆ నేల మీద ఇప్పుడు కొరియన్ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. 2025 మేలో శ్రీసిటీలో ఎల్జీ ఎలక్ట్రానిక్స్ 5 వేల కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ 1998 నుంచే కార్లు చేస్తోంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్, బెంగళూరులో శాంసంగ్ ఆర్ అండ్ డీ సెంటర్ సరేసరి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే దూరంలో ఇన్ని కొరియన్ కంపెనీలు ఉన్నప్పుడు పిల్లలకు ఆ దేశం మీద ఆశ పుట్టడంలో తప్పేముంది?

ఆ ఆశను సొమ్ము చేసుకునేవాళ్లతోనే తంటా. "కల్చరల్ హోమ్‌స్టే" అని పెద్దక్షరాల్లో వేసి, కింద "అక్కడే ఉద్యోగావకాశాలు" అని చిన్నగా వేసే ప్రకటనలు నేనూ చూశాను. నమ్మే ముందు మూడు సంగతులు తెలుసుకోండి. టూరిస్టు వీసా మీద కొరియాలో పనిచేయడం చట్టవిరుద్ధం. సెలవులు గడుపుతూ పార్ట్‌టైమ్ చేసుకునే వర్కింగ్ హాలిడే వీసా కొన్ని దేశాలవాళ్లకే ఇస్తారు, వాటిలో ఇండియా లేదు. ఫ్యాక్టరీ పనులకు విదేశీ కార్మికులను తీసుకునే ఈపీఎస్ పథకంలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఉన్నాయి, మనం లేము. కాబట్టి "ముందు హోమ్‌స్టేకి పొండి, అక్కడే సెటిల్ చేస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. శెనక్కాయ పంట చేతికొస్తే బ్యాంకు అప్పు తీరుద్దామనుకునే నాయన దగ్గర ఈ ట్రిప్ కోసం లక్షలు అడగడం నాకైతే న్యాయంగా అనిపించదు.

నేను పోయింది 2023 సెప్టెంబరు చివర్లో, ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయ్యాక, నా జీతం డబ్బుతో. అప్పటికి ఎనిమిది నెలలుగా ఆన్‌లైన్‌లో కొరియన్ నేర్చుకుంటున్నా. ఆ టీచరమ్మే తనకు తెలిసిన ఇల్లు చూపించింది. సియోల్‌కు దక్షిణాన సువన్ అనే ఊరు, శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ హెడ్డాఫీసు ఉండేది అక్కడే. ఇంట్లో అరవై దాటిన భార్యాభర్తలు. ఆయన ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగం, వాడి గది నాకిచ్చారు.

మన సీమలో పెరిగినవాడికి ఆ ఇంట్లో కొత్త కంటే పాత ఎక్కువ కనిపిస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గరే. పెద్దాయన చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు తినరు. ఏదిచ్చినా, ఏది తీసుకున్నా రెండు చేతులతో. మన ఊర్లో ఎదురుపడ్డవాళ్లను "బువ్వ తింటివా?" అని పలకరిస్తాం కదా, వాళ్లూ అచ్చం అంతే. "బాప్ మొగొస్సొయో?" అంటారు. బాప్ అంటే అన్నమే. ఆ ఇంటావిడ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ మాట అడిగేది. మా జేజి గుర్తొచ్చేది.

సెప్టెంబరు 29న చుసోక్ పండగ. ఆ ఏడాది అది సరిగ్గా మన భాద్రపద పౌర్ణమి నాడు వచ్చింది, మరుసటి రోజు నుంచి మనకు మహాలయ పక్షం. వాళ్లు చేసేది కూడా పెద్దలకు పెట్టుకోవడమే. కొత్త బియ్యంతో చేసిన అన్నం, పులుసు, పండ్లు వరసగా పేర్చి, చనిపోయిన తాతముత్తాతలకు నేలకు తల ఆనించి మొక్కుతారు. సోంగ్‌ప్యోన్ అని బియ్యప్పిండి కుడుములు చేస్తారు. లోపల నువ్వుల తీపి, అర్ధచంద్రాకారం, పైన్ చెట్టు ఆకులు పరిచి ఆవిరికి ఉడికిస్తారు. వినాయక చవితికి కుడుములు చేసిన చేతికి అదేం కష్టం కాదు. నేను చేసిన నాలుగు చూసి ఇంటావిడ ఏ ఊర్లో నేర్చుకున్నావని అడిగింది.

ఉద్యోగానికి పనికొచ్చే సంగతులు మాత్రం పెద్దాయన దగ్గర దొరికాయి. కెరీర్ గురించి ఆయన ఒక్క సలహా ఇచ్చింది లేదు. రోజూ బయటికి పోయేటప్పుడు ఎక్కడికి, ఎన్నింటికి వస్తావు అని అడుగుతారు. ఆలస్యమయ్యేట్టుంటే ఆ సంగతి ముందే కాకావోటాక్‌లో మెసేజ్‌గా రావాలి. ఇంటికొచ్చాక చెప్పే కారణం ఎంత మంచిదైనా ఆయనకు అక్కర్లేదు. ఇదేదో ముసలాయన చాదస్తం అనుకోవద్దు. కొరియన్ ఆఫీసుల్లో దీన్ని పొగొ అంటారు, అంటే రిపోర్టు చేయడం. పని పూర్తయ్యాక ఒకసారి చెప్తే చాలదు, మధ్యలో కూడా ఎక్కడిదాకా వచ్చిందో చెప్తూ ఉండాలి. మనవాళ్లు సమస్య వస్తే దాన్ని సొంతంగా సరిచేసి తర్వాత చెప్దాం అనుకుంటారు. కొరియన్ మేనేజర్‌కు అది దాచిపెట్టినట్టు అనిపిస్తుంది. కొరియన్ కంపెనీల్లో చేరిన నా క్లాస్‌మేట్లు మొదటి ఆరు నెలలు చివాట్లు తిన్నది ఎక్కువగా ఇక్కడే.

ఇంకోటి నున్‌చి. డిక్షనరీలు దీన్ని రకరకాలుగా తిప్పుతాయి గానీ మన తెలుగులో చక్కటి మాట ఉంది, ఇంగితం. ఎదుటివాళ్లు నోరు తెరిచి చెప్పకముందే గదిలో సంగతేంటో పసిగట్టడం. దీనికి కోర్సులు లేవు. ఒక ఇంట్లో, వాళ్ల అన్నం తింటూ, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో చూస్తూ ఉంటేనే కొంచెం కొంచెం పడుతుంది. హోటల్లో దిగి సియోల్ టవర్ ఎక్కి వచ్చేవాళ్లకు దొరకనిది ఇదే.

అయితే ఆ పెద్దరికమంతా ముచ్చటైనదేం కాదు. దాని భారం అక్కడి కుర్రాళ్లకే బాగా తెలుసు. వారానికి గరిష్ఠంగా 52 గంటల పని అనే చట్టం 2018 జులైలో, ఆఫీసుల్లో పైవాళ్ల వేధింపులను నిషేధించే చట్టం 2019 జులైలో అమల్లోకి వచ్చాయంటే ఊరికే రాలేదు కదా. కొరియన్ డ్రామాలు చూసి ఆ దేశాన్ని ప్రేమించినవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకుని పోవాలి.

ఇక భాష. తెలుగువాళ్లకు ఇక్కడ మంచి అవకాశం ఉంది, మనమే వాడుకోవడం లేదు. కొరియన్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది, మనలాగే. విభక్తులు పదం వెనక అతుక్కుంటాయి, మనలాగే. "నేను అన్నం తిన్నాను" అన్న వరస మార్చకుండా ఒక్కో ముక్క మార్చితే కొరియన్ వాక్యం అయిపోతుంది. అమ్మను ఒమ్మా, నాన్నను అప్పా అంటారు. హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ 1905లోనే కొరియన్‌కూ ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందని పుస్తకమే రాశాడు. భాషా శాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోలేదు, మనమూ వాట్సాప్‌లో ఊదరగొట్టాల్సిన పనిలేదు. చుట్టరికం లేకపోయినా పోలిక మనకు లాభమే. నువ్వు, మీరు అని మనిషిని బట్టి మాట మార్చడం మనకు పుట్టుకతో వచ్చింది. పేరుకు గారు తగిలించినట్టే వాళ్లు హోదాకు నిమ్ తగిలిస్తారు. కిమ్ అనే డిపార్ట్‌మెంట్ హెడ్ "కిమ్ బుజాంగ్‌నిమ్" అవుతాడు. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లు ఇది ఒంటబట్టించుకోవడానికి నానా తిప్పలు పడతారు. లిపిలో మూలాక్షరాలు 24. 1446లో సేజోంగ్ రాజు సామాన్యులకోసం ప్రకటించిన ఆ అక్షరాలు ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తాయి.

పోయేముందు కనీసం ఆరు నెలలు భాష చదవండి. కింగ్ సేజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితమే. భాష లేకుండా పోతే భోజనం దగ్గర ఇద్దరి మధ్యా ఫోనే మాట్లాడుతూ ఉంటుంది. పాపాగో యాప్ మంచిదే, కాదనను, అది వీధిలో వాడుకోండి. అక్కడ దారి చూసుకోవడానికి గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోకుండా నేవర్ మ్యాప్ వేసుకోండి. శాకాహారులైతే ఇల్లు ఒప్పుకోకముందే చెప్పేయండి. కిమ్చిలో కూడా చాలా ఇళ్లల్లో ఉప్పురొయ్యలో, చేపల ద్రవమో కలుపుతారు. ముందు చెప్తే ఎవరూ ఏమనుకోరు. వడ్డించాక గిన్నె పక్కకు నెడితేనే ఆ ఇంటావిడ మనసు నొచ్చుకుంటుంది.

ఇంటర్వ్యూ మాటకొస్తే, రెజ్యూమేలో "కొరియా హోమ్‌స్టే" అన్న లైన్ కంటే టోపిక్ పరీక్ష లెవెల్‌కు విలువెక్కువ. మొదటి పేపర్‌లో 1, 2 లెవెల్స్, రెండో దాంట్లో 3 నుంచి 6. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి సెకండియర్‌లోనే రాసేసి చేతులు దులుపుకోవద్దు. నిజంగా అక్కడ చదవాలనుకుంటే కొరియా ప్రభుత్వమే ఇచ్చే జీకేఎస్ స్కాలర్‌షిప్ ఉంది. విమానం టికెట్, ఫీజు, నెలనెలా ఖర్చులు, మొదటి ఏడాది భాషా శిక్షణ అన్నీ వాళ్లవే. డిగ్రీలో 80 శాతం దగ్గర మార్కులున్న రైతు బిడ్డ లక్షలు పోసి రెండు వారాలు పోవడం కంటే దీనికి అప్లై చేయడం మేలు.

నాకు తెలిసిన నంద్యాల అమ్మాయి ఒకతి ఇంతవరకూ కొరియా ముఖం చూడలేదు. బీటెక్ మెకానికల్ చదువుతూనే టోపిక్ 3 తెచ్చుకుంది. ఇప్పుడు పెనుకొండ వైపు ఒక విడిభాగాల కంపెనీలో ప్రొడక్షన్ మీటింగులకు తననే కూర్చోబెడుతున్నారు, అటు లైన్‌లోవాళ్ల మాట, ఇటు కొరియన్ మేనేజర్ల మాట రెండూ అర్థమయ్యే మనిషి తనొక్కతే అని. వచ్చే సెలవులకు బూసాన్‌లో ఒక ఇంట్లో పది రోజులు ఉండబోతోంది, టికెట్ తన జీతంతోనే కొనుక్కుంది. మొన్న ఫోన్ చేసి ఆ ఇంటివాళ్లకు ఏం తీసుకుపోవాలన్నా అని అడిగింది. శెనక్కాయ ఉండలు తీసుకుపోమ్మా అన్నాను. వేరుశనగను వాళ్లు తాంగ్‌కోంగ్ అంటారు. తాంగ్ అంటే నేల, కోంగ్ అంటే గింజ. మా పొలం గింజ అని చెప్పి, రెండు చేతులతో ఇవ్వమన్నాను.