పదో తరగతి లెక్కే, తేలిగ్గా తీసుకోకండి

కెమిస్ట్రీలో డిగ్రీ చేసి ఫార్మా కంపెనీలో క్యూసీ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారా? హెచ్‌పీఎల్‌సీ గురించి నాలుగు వీడియోలు చూసే ముందు ఒక చిన్న లెక్క చేయండి.

యూరియా బస్తాపై నత్రజని 46 శాతం అని ఉంటుంది. ఎందుకలా? యూరియా అణువులో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నత్రజని, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అణుభారం 60. అందులో నత్రజని వాటా 28. అంటే 46.67 శాతం. 45 కిలోల బస్తా కొన్న రైతు పొలానికి చేరే నత్రజని 21 కిలోల లోపే!

మందుల్లో ఇదే లెక్క ఇంకా కీలకం. 500 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్‌లో అసలు మెట్‌ఫార్మిన్ సుమారు 390 మిల్లీగ్రాములే. సాల్ట్‌కీ, బేస్‌కీ తేడా తెలియకుండా లెక్కేస్తే రిజల్ట్ 22 శాతం తప్పుతుంది. అది మార్కుల సంగతి కాదు, రోగి డోసు సంగతి.

ఇక తిరకాసు ప్రశ్న: కార్బన్ 40, హైడ్రోజన్ 6.7, ఆక్సిజన్ 53.3 శాతం ఉన్న పదార్థమేది? గ్లూకోజ్ అని తొందరపడకండి. ఎసిటిక్ యాసిడ్‌లోనూ ఇవే శాతాలు. శాతాలు పరమాణువుల నిష్పత్తినే చెబుతాయి. అణుభారం 180 అని తెలిస్తేనే గ్లూకోజ్, 60 అయితే ఎసిటిక్ యాసిడ్ అనుకోవచ్చు. 60 ఉన్నవి ఇంకా ఉన్నాయి కాబట్టి అప్పుడూ పరీక్ష చేయాల్సిందే.

నా మాట ఒక్కటే. ఫార్ములాలు బట్టీ పట్టడం చదువు కాదు. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్ తీసి, దాని మీద రాసింది సాల్టా, బేసా చూడండి. పెన్ను పట్టి శాతం కట్టండి. ఇంటర్వ్యూ ప్రిపరేషన్ అక్కడే మొదలవుతుంది.