హైదరాబాద్ బ్యాంకు, ముంబయి నిర్ణయం

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనప్పుడు చర్చ ఎక్కువగా ఆస్తుల పరిమాణం చుట్టూ, ప్రపంచంలోని పెద్ద బ్యాంకుల వరుసలో దక్కబోయే స్థానం చుట్టూ సాగింది. ఒక ప్రాంత ప్రజలు దాచుకున్న సొమ్మును ఎవరికి అప్పుగా ఇవ్వాలో నిర్ణయించే అధికారం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఆ లెక్కల మధ్య మరుగున పడింది. ఆ బ్యాంకు పుట్టుకకు మూలమైన ప్రశ్న మాత్రం అదే.

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1350 ఫసలీలో, అంటే 1941లో, ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో కార్యకలాపాలు ప్రారంభించింది. ఫసలీ అనేది శిస్తు వసూళ్లకు అనువుగా పంటకాలాన్ని బట్టి ఏర్పడి, నిజాం దఫ్తరాలలో స్థిరపడిన సంవత్సర గణన. డిపాజిట్లు, అప్పులతో పాటు సంస్థానపు సొంత ద్రవ్యమైన ఉస్మానియా సిక్కా నిర్వహణ కూడా ఈ బ్యాంకు బాధ్యతే కావడం వల్ల, కేంద్ర బ్యాంకు చేయవలసిన పని కొంత దీని భుజాల మీదే ఉండేది. జనం హాలీ సిక్కా అని పిలిచిన ఆ రూపాయలు ఏడు ఇస్తే భారత ప్రభుత్వ రూపాయలు ఆరు వచ్చేవి. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తర్వాత కూడా ఆ ద్రవ్యం 1959 వరకు పూర్తిగా రద్దు కాలేదు.

1956లో బ్యాంకు యాజమాన్యం రిజర్వు బ్యాంకుకు మారి, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అన్న పేరు వచ్చింది. అదే ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి, ఔరంగాబాద్, నాందేడ్ వంటి మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి, గుల్బర్గా, రాయచూరు, బీదరు మైసూరులోకి వెళ్లాయి. రాష్ట్రం మూడు ముక్కలైనా బ్యాంకు ముక్కలు కాలేదు. భాషలు వేరైన ఆ జిల్లాలను కలిపి ఉంచిన అరుదైన సంస్థలలో అది ఒకటిగా నిలిచింది. భాషాప్రయుక్త రాష్ట్రాల చరిత్ర రాసినవారు ఈ కొనసాగింపును తగినంతగా పట్టించుకోకపోవడం విచారకరం.

1959 అక్టోబరు 1 నుంచి అది భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధ బ్యాంకు అయింది. అనుబంధ బ్యాంకు అంటే యాజమాన్యం మాతృసంస్థదే అయినా, సొంత డైరెక్టర్ల బోర్డు, సొంత సిబ్బంది, సొంత ఆస్తి అప్పుల పట్టీ ఉన్న సంస్థ. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు, ప్రభుత్వమూ బ్యాంకులూ కలిసి రుణ ప్రణాళికను సమీక్షించే రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితికి ఈ బ్యాంకే సంధానకర్త అయింది. హైదరాబాద్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడి మూడేళ్లయినా నిండకముందే ఆ బ్యాంకు లేకుండా పోయింది.

విలీనానికి చూపిన మొండి బాకీల భారం, ఒకే వీధిలో రెండు శాఖల దుబారా వంటి కారణాలు నిజమైనవే. అయితే భారతీయ స్టేట్ బ్యాంకు చట్టంలోని 35వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుతోనే విలీనం పూర్తయింది కాబట్టి, ఆ ప్రాంత ప్రజాప్రతినిధుల సమ్మతితో పని లేకపోయింది. మరో అనుబంధ బ్యాంకైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావన్‌కోర్ విలీనాన్ని వ్యతిరేకిస్తూ 2016లో కేరళ శాసనసభ చేసిన తీర్మానం సైతం ఫలితాన్ని మార్చలేదు. 2018లో పార్లమెంటు 1956 నాటి హైదరాబాద్ బ్యాంకు చట్టాన్ని కూడా రద్దు చేసింది.

బ్యాంకును తిరిగి నిలబెట్టడం ఇక సాధ్యం కాదు. కానీ జిల్లాలో సేకరించిన ప్రతి నూరు రూపాయల డిపాజిట్లకు అక్కడే ఎంత అప్పు ఇచ్చారో చెప్పే రుణ–డిపాజిట్ నిష్పత్తిని గమనించి, అది పడిపోయిన చోట అప్పు మంజూరు అధికారాన్ని ముంబయిలోని ప్రధాన కార్యాలయం నుంచి హైదరాబాద్ సర్కిల్ కార్యాలయానికి, అక్కడి నుంచి జిల్లాకు దించడం స్టేట్ బ్యాంకు చేయగలిగిన పని. అందుకు కొత్త చట్టమేదీ అవసరం లేదు.