మసక తెరది, నింద లిపికి

కంప్యూటరును టీవీకి తగిలించి, బొమ్మ పడగానే పని ముగిసిందని చేతులు దులుపుకునేవారితో నాకు పేచీ ఉంది. ఆ బొమ్మ మసకబారితే నేరాన్ని తెలుగు లిపి మీదికి నెట్టేవారితో ఉన్నది అంతకన్నా పెద్ద పేచీ.

రాయచోటిలో ఒక అద్దె హాలు, చిన్న సాహిత్య సమావేశం. గోడకు పెద్ద టీవీ. నా వ్యాసం పుటలు దాని మీద చూపవలసి ఉంది. తీగ తగిలించారు, అక్షరాలు వచ్చాయి. కానీ తడి కాగితం మీద సిరా పాకినట్లు వాటి అంచులు అలుక్కుపోయాయి. ముందు వరుసలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు కళ్ళజోడు తుడుచుకొని, "ఏమబ్బీ, నా అద్దాలు మార్చుకోవల్లనా?" అని అడిగారు. తీగ తగిలించిన యువకుడు మాత్రం, "తెలుగు అంతే సార్, స్క్రీన్ మీద నీట్‌గా పడదు. ఇంగ్లీషులో పెట్టుకోండి" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఖతి వచ్చింది. నింద మాత్రం అక్కడే ఉంది.

జరిగిందేమిటి? ఆ టీవీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అవి కదలవు, పెరగవు. ల్యాప్‌టాప్ తన సొంత తెర కొలతైన 1366×768నే దానికీ పంపుతోంది. అంటే ఒక్కొక్క చుక్కను దాదాపు 1.4 చుక్కల మీద పరచాలి. చుక్కలో ముక్క అనేది లేదు గనుక టీవీ పక్క చుక్కకు కాస్త బూడిదరంగు పూసి సర్దుకుంటుంది. మనం మసక అంటున్నది ఆ సర్దుబాటునే. కొలత సరిచేసినా ఇంకొకటి మిగిలింది. పాత గాజు గొట్టాల టీవీలు అంచుల్లోని లోపాలు దాచడానికి చిత్రాన్ని కాస్త పెంచి చూపేవి. ఆ గొట్టాలు పోయాయి, అలవాటు పోలేదు; పలక టీవీలు కూడా చాలావరకు మొదట అలాగే పెంచి చూపుతాయి. ఇక 'షార్ప్‌నెస్' పెంచితే బాగవుతుందనుకోవడం వట్టి భ్రమ. అది అక్షరం చుట్టూ తెల్లని అంచు గీస్తుందే గాని పోయిన గీతను తెచ్చిపెట్టదు.

ఇంగ్లీషు ఈ అన్యాయాన్ని కొంత ఓర్చుకుంటుంది. మనకు దకూ ధకూ, పకూ ఫకూ తేడా కింద ఒక చిన్న గీత. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చివర ఒక మెలిక. మొదట పోయేవి అవే. అందుకే తెలుగు పనికిరాదంటారా? పది పదిహేను గీతల చీనా అక్షరాలు ఇవే తెరల మీద నిలబడుతున్నాయి. ఆ దేశంలో ఎవరూ ఇంగ్లీషులో పెట్టుకోమనరు. సన్నని గీతలున్న లిపికి తెర మరింత జాగ్రత్తగా అమర్చాలి గాని, తెర కోసం లిపిని మార్చుకుంటారా!

కువైట్ సంపాదనతో పెద్ద టీవీ కొన్న ఇళ్ళు మా ప్రాంతంలో చాలానే ఉన్నాయి. వాటికి ల్యాప్‌టాప్ తగిలించి పిల్లలకు ఒత్తులు నేర్పే తల్లులూ ఉన్నారు. ఆ పిల్లవాడికి ధ, ద ఒకటిగానే కనబడితే తప్పు వాడిదా?

చివరికి నేనే లేచాను. టీవీ ఒక్కదానికే చిత్రం వెళ్ళేట్లు చేసి కొలత 1920×1080కి మార్చాను. రిమోటుతో చిత్ర పరిమాణంలోకి వెళ్ళి పెంపుదల ఆపాను (ఎల్‌జీలో దాన్ని జస్ట్ స్కాన్ అంటారు, శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్). తీగ గుచ్చిన ద్వారానికి పీసీ అని పేరు పెట్టాను. చాలా టీవీలు అప్పుడుగాని రంగుల వివరాన్ని కుదించడం మానవు, లేకపోతే ఎర్రక్షరాలు చెదిరినట్లుంటాయి. షార్ప్‌నెస్ తగ్గించాను. పాత పదిహేను ములుకుల వీజీఏ తీగ అయితే తెర మీది 'ఆటో' మీట కూడా నొక్కవలసి వచ్చేది. మొత్తం ఐదు నిమిషాలు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకొని తెర వైపు కాసేపు చూశారు. "రెండో వరసలో 'విధ్యార్థి' అని కొట్టినావు చూడబ్బీ. దకు ఒత్తెందుకు?" అన్నారు.

ఆ ఒత్తు తెర పెట్టింది కాదు.