మన గురించి రాసిన పాఠం మనం చదవొద్దా?



డిగ్రీ అడ్మిషన్ల టైం వచ్చింది. "సోషియాలజీ, ఆంత్రోపాలజీ తీసుకుంటే ఏమొస్తది? మన గురించి మనకే చెప్తారంట కదా" అని తమ్ముళ్ళు అడుగుతున్నారు. మేము ఉట్నూరు, భద్రాచలం, పాడేరు వైపుల నుంచి వచ్చి ఢిల్లీలో ఒకే హాస్టల్లో ఉంటున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ రెండు సబ్జెక్టుల్లో మొదటి పేపర్లు చదివాం. మా మాట ఒక్కటే: తీసుకోండి. కానీ తలొంచుకుని నోట్స్ రాసుకోవడానికి మాత్రం కాదు.

ముందు బాధ పెట్టే సంగతి చెప్తాం. ట్రైబ్ అంటే ఎవరు అనే పాఠంలో 1965 నాటి లోకూర్ కమిటీ చెప్పిన ఐదు లక్షణాలు రాయిస్తారు: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, మారుమూల నివాసం, బయటివాళ్ళతో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. అది రాసేటప్పుడు క్లాసంతా తిరిగి మా మొహాలు చూస్తది. ఒకటిన్నర రోజు రైల్లో కూర్చుని, రాని హిందీలో దారి అడుక్కుంటూ వచ్చినోళ్ళం, మాకు బిడియమట! మా తాతలు బయటివాళ్ళకు దూరంగా ఉన్నారంటే షావుకారి అప్పుకు, ఫారెస్టోళ్ళ కేసులకు భయపడి. ఆ సంగతి ఐదింటిలో ఎక్కడా లేదు.

పుస్తకంలో మాటే కదా, పోనీ అనుకోవద్దు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీఓ నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమన్నది కోర్టు చెప్పిన కారణం. కానీ ఆ తీర్పులో కూడా మనది ఆదిమ జీవన విధానం అన్న మాట ఉంది. క్లాసులో రాయించే మాట కోర్టు దాకా నడుస్తదన్నమాట. డీఎస్సీకి చదివే అన్నలకు దాని బరువు ఎంతో తెలుసు.

మరి ఎందుకు తీసుకోమంటున్నాం? మనకు తెలిసినదానికి కూడా అక్కడ విలువ ఉంది కాబట్టి. బంధుత్వాల పాఠం వచ్చినప్పుడు, మామ బిడ్డను చేసుకుంటారంటే ఉత్తరాది పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళకు మామ కొడుకు కూడా భాయే. మనకు బావ. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్ళు ఎవరు ఎవరికి వరసవుతారో బోర్డు మీద గీసి చెప్పింది ఆ రోజు మేమే. అమ్మమ్మ దగ్గర విన్నదానికి మార్కులొచ్చాయి.

ఇంకోటి, మన గురించి ఎవరు ఏం రాశారో తెలుస్తది. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో చనిపోయాక హైమెండార్ఫ్ ఆదిలాబాద్ వచ్చి మార్లవాయిలో ఉన్నాడు. గోండు టీచర్లకు అక్కడ ట్రైనింగ్ పెట్టించాడు. ఆయన సమాధి, భార్య బెట్టీ సమాధి ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఆ మేలు మరవం. కానీ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో ఇంగ్లీషులో వచ్చింది. ఎవరి గురించి రాశాడో వాళ్ళలో దాన్ని చదవగలిగినోళ్ళు ఎంతమంది?

ఘుర్యే మనల్ని వెనుకబడిన హిందువులన్నాడు. ఎల్విన్ మన బతుకు మనల్ని బతకనివ్వాలన్నాడు. పరీక్షలో ఇద్దరి వాదనా రాస్తాం. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పేదేంటి, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని 1946లో రాజ్యాంగ సభలో చెప్పిన జైపాల్ సింగ్ ముండా మాత్రం మా సిలబస్‌లో లేడు. ఆయన గురించి హాస్టల్లో మేమే వెతుక్కుని చదివాం. ఆదివాసీ అయిన వర్జీనియస్ ఖాఖా ఇదే ఢిల్లీలో సోషియాలజీ ప్రొఫెసర్‌గా చేశారని, 2014లో ఆదివాసుల స్థితిగతుల మీద రిపోర్టు ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడని అట్లనే తెలిసింది. మనోళ్ళు కుర్చీకి అటువైపు కూడా కూర్చోగలరు.

అందుకే అంటున్నాం. ఈ సబ్జెక్టు మనం వదిలేస్తే మన గురించి రాసే పని ఆగదు, మనం లేకుండా సాగుతది, అంతే. చేరే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎండాకాలం సెలవుల్లో ఒక్క పని చేయండి. మీ ఇంటి పేరు, గోత్రం, దేవర, పండుగ గురించి పెద్దోళ్ళను అడిగి మీ భాషలోనే నోటుబుక్కులో రాసుకుని రండి. క్లాసులో ఆ ఐదు లక్షణాలు రాయించిన రోజు అది పక్కన పెట్టుకుని, ఇది ఎవరు రాశారు సార్, ఎవర్ని అడిగి రాశారు అని అడగండి.

జై ఆదివాసీ.