చుక్కల మందు వేసే చేతికి దక్కుతున్నదేమి?

2016లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటి నమూనాలో రెండవ రకం పోలియో వైరస్ బయటపడినది. భారతదేశం పోలియో రహితమని 2014 మార్చి 27న ప్రకటితమై అప్పటికి రెండేళ్లు దాటినవి. నగరంలో వ్యాధి సోకిన బిడ్డ ఒక్కరూ కనిపించలేదు. అయినను ఆరోగ్య శాఖ వేచి వుండలేదు. రెండవ రకం నుండి కాపాడే భాగమును ఆ ఏప్రిల్‌లోనే చుక్కల మందు నుండి తొలగించి వున్నారు. కనుక సూదిమందే శరణ్యమైనది. జూన్ 20 నుండి వారం దినములలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ప్రమాదమెక్కువగా వున్న వాడలందు మూడు లక్షలకు పైగా పసిపిల్లలకు టీకా వేశారు. ప్రపంచమంతటా మందు కొరత వున్న కాలమది. పూర్తి మోతాదులో అయిదవ వంతు, అనగా 0.1 మిల్లీలీటరు, చర్మంలో ఎక్కించి పని నెరవేర్చారు.

ఉపాయం మెచ్చదగినదే. కాని సీసాలో మందు దానంతటది బిడ్డ చెంతకు నడచి రాదు. మండుటెండలో మెట్లెక్కి, తలుపు తట్టి, అనుమానించే తల్లిని ఒప్పించి, బిడ్డను తీసుకొని వచ్చేది ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త. పోలియో దినమున ఆశా కార్యకర్త శ్రమకు కేంద్ర ప్రభుత్వం కట్టిన వెల రోజుకు 75 రూపాయలు. దానిని పెంచి 100 చేశారు! అది కూడ వేతనం కాదట, ప్రోత్సాహకమట. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను సత్కరించినది. స్కీము వర్కర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనమివ్వాలని 2013 మేలో 45వ భారత కార్మిక మహాసభ చేసిన సిఫారసు మాత్రం కాగితం మీదనే వున్నది.

భిలాయి సెక్టర్ 4లోని మన తెలుగు సోదరులకు ఇది దూరపు ముచ్చట కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం ఆశా పథకానికి ముందుదే. మితానిన్ అనగా నేస్తురాలు. నేస్తురాలికి జీతమెందుకని పాలకులు తలచినారు కాబోలు! ఉక్కు కర్మాగారపు పర్మనెంటు ఉద్యోగికి సెక్టర్ 9 ఆసుపత్రి వున్నది. అదే కర్మాగారంలో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుని బస్తీకి మొదట చేరేది మితానినే. 2018లో ఖుర్సీపార్ ప్రాంతంలో డెంగ్యూ ప్రబలి ప్రాణాలు తీసినప్పుడు బస్తీకీ క్వార్టర్లకూ గల దూరమెంతో అందరికీ తెలిసివచ్చినది. దోమ గేటు పాసు చూపదు. పోలియో వైరస్ కూడ అంతే. అది సోకిన సుమారు 200 మందిలో ఒకరికే పక్షవాతం వస్తుంది గనుక, తక్కినవారి ద్వారా కంటికి కనబడకనే కాలువలలో ప్రయాణిస్తుంది.

అందుచేత మితానిన్లకూ అంగన్‌వాడీలకూ కనీస వేతనం, పింఛను కల్పించాలని ప్రభుత్వాలను కోరుతున్నాము. కాంట్రాక్టు కార్మికుల బస్తీలలో మురుగుకాలువల, మంచినీటి బాధ్యతను యాజమాన్యం, నగరపాలక సంస్థ ఒకరిమీద ఒకరు నెట్టుకొనక కలసి వహించాలి. భిలాయిలోని పర్మనెంటు కార్మిక సంఘాలు తమ తదుపరి డిమాండ్ల పత్రంలో యీ రెండింటినీ చేర్చాలి; వచ్చే పోలియో దినమున సెక్టర్ 4 కార్యకర్తలు ఆ సోదరీమణుల వెంట బస్తీలకు నడవాలి.