గ్రామములకు సూర్యశక్తి: యజమాను లెవ్వరు?

మెతుకుసీమలో ఎండకు కొదవ యెన్నడును లేదు. కొదవయైనవి నీరును, ధనమును. టేక్మాల్ పరిసర గ్రామములందలి రైతు చెఱువుపై కొంతయు, బోరుబావిపై కొంతయు నాధారపడి వరి పండించుకొనుచున్నాడు. బోరునకు విద్యుత్తు ప్రాణము. ఆ విద్యుత్తు ఎచ్చటనో పుట్టి దూరదూరముల తీగలపై వచ్చుచుండగా, ఆతని బీటిపై ప్రతిదినమును కురియుచున్న సూర్యరశ్మి వ్యర్థమగుచున్నది. సూర్యశక్తి మంచిదని యిప్పు డెల్లరు నంగీకరించుచున్నారు. దానికి యజమానులు ఎవ్వరు కావలెనను ప్రశ్నయే మిగిలియున్నది.

ధనవంతులగు సంస్థలు వందలకొలది యెకరములు కొని లేక కౌలునకు దీసికొని పెద్ద కేంద్రములను స్థాపింపగలవు. అట్లైనచో గ్రామమునకు మిగులునది కావలివాని యుద్యోగము మాత్రమే. రెండవ మార్గ మొకటి కలదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీఎం కుసుమ్ పథకము క్రింద బీడుభూములందు 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వఱకు కేంద్రములను నెలకొల్పుటకు రైతులకేగాక రైతుసంఘములకును, సహకార సంఘములకును, పంచాయతీలకును అవకాశము కల్పింపబడినది. తెలంగాణ ప్రభుత్వము మహిళా స్వయంసహాయక సంఘములచే 1000 మెగావాట్ల సౌరవిద్యుత్తు నుత్పత్తి చేయింపవలెనని 2024లో సంకల్పించినది.

లెక్క చూచిన విషయము తేటపడును. ఒక మెగావాట్టు కేంద్రమునకు సుమారు 4 యెకరముల భూమి చాలును. ఏటికి సుమారు 15 లక్షల యూనిట్లు ఉత్పత్తి యగును. కుసుమ్ పథకము క్రింద మన రాష్ట్రమున నిర్ణయింపబడిన 3 రూపాయల 13 పైసల ధరకు అమ్మినచో దాదాపు 47 లక్షల రూపాయలు చేతికి వచ్చును. పెట్టుబడి మూడు కోట్లకు పైబడును గనుక, అప్పు తీఱువఱకు ఇందు పెద్దభాగము వాయిదాలకును వడ్డీకిని పోవును. కాని కొనుగోలు ఒడంబడిక 25 సంవత్సరములది. అప్పు తీఱిన పిదప వచ్చు రాబడి గ్రామమున నిలుచును.

“వ్యవసాయమునకు 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటలు ఉచిత విద్యుత్తు లభించుచున్నది, పేదల యిండ్లకు 2024 నుండి నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదు, ఇక ఈ శ్రమ యేల?” అని కొంద ఱడుగుచున్నారు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. బిల్లు లేనివానికి బిల్లు తగ్గునని చెప్పి ప్రయోజనము లేదు. అయినను ఉచితమనునది ఒకరి దయపై నాధారపడినది. ఆ వ్యయమును ఖజానా భరించుచున్నది. గ్రామమే విద్యుత్తును పుట్టించి యమ్మినచో ప్రజలు గ్రహీతల స్థితి నుండి ఉత్పత్తిదారుల స్థితికి వత్తురు. పుట్టినచోటనే వాడుకొనుటచే తీగలపై నష్టమును తగ్గును. పంపులకు పగటి యెండయే పగటి విద్యుత్తు నొసగును గనుక, రైతు చీకటిలో పాములకును తీగలకును వెఱచి పొలమునకు పోవలసిన యగత్యముండదు.

ఇది కేవల మూహ కాదు. గుజరాతులోని ఢుండి గ్రామమున 2016లో ఆరుగురు రైతులు సహకార సంఘముగా నేర్పడి, సౌరపంపులతో పొలములు తడుపుకొని, మిగిలిన విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్మసాగిరి. నీరు తోడుటకంటె విద్యుత్తు నమ్ముట లాభమైనప్పుడు రైతు నీటిని తానే పొదుపు చేయును. బోర్లు ఎండిపోవు మన మెదకు సీమకు ఇంతకంటె పనికివచ్చు పాఠ మేమున్నది? నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లి 2025లో ఇంటింటి కప్పులపై సౌరఫలకములతో వెలుగు గ్రామమైనది. ఐనను ముఖ్యమంత్రి స్వగ్రామమునకు లభించు శ్రద్ధ ప్రతి పల్లెకును లభింపదు. ఇతర పల్లెలకు సంఘశక్తియే దిక్కు.

సంఘముగా విద్యుత్తును నిర్వహించుట మనకు క్రొత్తయు గాదు. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970 నుండి గ్రామములకు వెలుగునిచ్చుచున్నది. దానితోబాటు దేశమున నారంభింపబడిన సంఘములలో మహారాష్ట్రమందలి ములా-ప్రవర సంఘము మాత్రము బకాయిలలో మునిగి 2011లో తన బాధ్యతను కోల్పోయినది. లెక్కలు సరిగానుండని సహకారము కూలిపోవునని యిందువలన గ్రహింపవలెను.

కావున మేము కోరునది స్పష్టము. మహిళాసంఘముల పేరు ముందుంచుకొని వెనుక గుత్తేదారులు లాభము గొనుపోవు బినామీ పద్ధతికి చోటీయరాదు. పేదల అసైన్డు భూములను, పశువుల మేతబీళ్లను ఇందుకై లాగికొనరాదు. విద్యుత్తు కొన్న పంపిణీ సంస్థ గడువు తప్పక సొమ్ము చెల్లింపవలెను. చెల్లింపు ఆలస్యమైన బ్యాంకు వడ్డీ ఆగదు, దాని భారము సంఘముపై బడును. ఫలకముల శుభ్రత, మరమ్మతులు గ్రామ యువకులకే నేర్పవలెను. జమాఖర్చులు ప్రతి సంవత్సరము గ్రామసభలో బిగ్గఱగా చదువవలెను.

టేక్మాల్‌నకు సమీపముననున్న జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను నిజాంరాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ఆనాటివారు ప్రభుత్వ సాహాయ్యమునకై ఎదురుచూడక తమ పాఠశాలలను, గ్రంథాలయములను తామే నిలుపుకొనిరి. ఆ సీమ సంతతివారు నేడు విద్యుత్తు విషయమున నట్టి పట్టుదల చూపలేరా? టేక్మాల్ పెద్దలును, సంఘముల సోదరీమణులును రాబోవు గ్రామసభయందే ఈ ప్రశ్నను చర్చకు దెత్తురుగాక. నాలుగెకరముల బీడును, నలువది కుటుంబముల నమ్మకమును సమకూడినచో పని మొదలిడవచ్చును.